కాఫీకి, పాయసానికి స్టీవియా పనికివస్తుందా?

ప్రశ్న (మల్లేశ్వరం, బెంగళూరు):
మా అత్తగారికి మధుమేహం ఉన్నందున ఇంట్లో చక్కెరకు బదులు స్టీవియా (అదే పేరుగల మొక్క ఆకుల నుంచి తీసే తీపి పొడి) వాడాలనుకుంటున్నాము. ఫిల్టర్ కాఫీకి, పాయసానికి, బొబ్బట్లకు అది సరిపోతుందా? వాడినవారు దయచేసి తెలియజేయండి.

జవాబు 1:
కాఫీకి, నిమ్మరసానికి నిస్సందేహంగా సరిపోతుందండీ. పరాగ్వే ప్రాంతానికి చెందిన ఈ మొక్క ఆకుల నుంచి తీసిన శుద్ధ సారం చక్కెరకంటే సుమారు 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది కాబట్టి, అతి కొద్దిగా వేస్తేనే చాలు. ఎక్కువైతే నాలుకపై చేదు నిలిచిపోతుంది. పాయసాన్ని పొయ్యి మీద నుంచి దించాక, రుచి చూసుకుంటూ కలపండి. బొబ్బట్ల సంగతి వేరు. పూర్ణానికి రంగును, జిగురును, పరిమాణాన్ని ఇచ్చేది బెల్లం; స్టీవియా తీపిని తప్ప మరేమీ ఇవ్వలేదు. నా మాట వింటే ఆ ప్రయత్నం చేయకండి.

జవాబు 2:
పొట్లం వెనుక ఉన్న పదార్థాల వివరాలను తప్పక చదవండి. కొన్ని పొడులలో పరిమాణం కోసం మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా డెక్స్‌ట్రోజ్ కలుపుతారు. అవి రక్తంలో చక్కెరను పెంచుతాయి. పాయసంలోని బియ్యాన్ని, పాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే తీపిని మార్చినంత మాత్రాన వాటిలోని పిండిపదార్థం తగ్గదు. పెద్దావిడ మందులు వాడుతున్నట్లయితే ముందుగా వైద్యులను అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ముందుగా కాఫీతో మొదలుపెడతాము.