లెగాన్ క్లాసులకు పరీక్ష పెట్టడం ఎదుగుదలా, దారి తప్పడమా?

సాయంత్రంబడి (చర్చ మొదలుపెట్టినవారు)

ఘనా విశ్వవిద్యాలయం, అంటే అక్రా పక్కన లెగాన్‌లో ఉన్నది, వయోజన విద్యను నడిపిన తీరు మీద ఇక్కడి వాళ్ళ మాట వినాలని ఉంది. తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి. 1947లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బయటి క్లాసుల విభాగం చూసే థామస్ హాడ్జ్‌కిన్ గోల్డ్‌కోస్ట్‌కు (ఘనా పాత పేరు) వచ్చి పరిస్థితులు చూసి వెళ్ళాడు. 1948లో యూనివర్సిటీ కాలేజీ, దాంతోపాటే బయటి జనానికి పాఠాలు చెప్పే ఎక్స్‌ట్రామ్యూరల్ విభాగం వచ్చాయి. 1949లో ఆ విభాగాన్ని నడిపిన డేవిడ్ కింబుల్ చొరవతో పీపుల్స్ ఎడ్యుకేషనల్ అసోసియేషన్ (పీఈఏ) పుట్టింది. ఊళ్ళో టీచర్లు, గుమాస్తాలు కలిసి శాఖ పెట్టుకుంటారు. ఏ విషయం కావాలో వాళ్ళే తేల్చుకుంటారు. ట్యూటర్ వచ్చి చెప్పిపోతాడు. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు.

1960ల మొదట్లో వర్కర్స్ కాలేజీలు, జీసీఈ (ఓ-లెవెల్, ఏ-లెవెల్ అనే బ్రిటిష్ తరహా స్కూలు పరీక్షలు) క్లాసులు, సాయంత్రం డిగ్రీ చదువులు వచ్చాయి. చాలామంది దీన్ని అభివృద్ధి అంటారు. విశ్వవిద్యాలయం చేయగలిగిన అసలు పని అక్కడితో పోయిందని నా వాదన. కాదనేవాళ్ళు కారణాలతో రండి.

లెక్కలపంతులు

కాదంటాను. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు ఖాళీ చేసిన కుర్చీల్లో స్థానికులు కూర్చోవాలి. ఏ కుర్చీకైనా కాగితం అడుగుతారు. మిడిల్ స్కూలుతో ఆగిపోయిన గుమాస్తా ‘ప్రభుత్వం, ఆర్థికశాస్త్రం’ క్లాసులో మూడేళ్ళు బ్రహ్మాండంగా వాదించాడనుకోండి, ప్రమోషన్ ఇచ్చే అధికారికి ఏం చూపిస్తాడు? ఓ-లెవెల్‌లో ఇంగ్లీషు, లెక్కలు పాసైతే ఒక మెట్టు, ఏ-లెవెల్ పాసైతే విశ్వవిద్యాలయం గుమ్మం. హైస్కూలు వయసు దాటిపోయిన మనిషికి ఆ మెట్లు సాయంత్రం క్లాసులోనే దొరికాయి.

పరీక్ష లేని చదువు గొప్పదే. దాని గొప్పతనం ఎవరికి అందింది? అప్పటికే చేతిలో ఉద్యోగం ఉన్న బడిపంతుళ్ళకి, ఆఫీసు గుమాస్తాలకి. కోకో రైతు, రేవు కూలీ ఆ క్లాసుల్లో ఎంతమంది కూర్చోగలరు? క్లాసు నడిచేది ఇంగ్లీషులో. ‘ప్రజల చదువు’ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అది ప్రజలది అయిపోదు సార్.

సాయంత్రంబడి

ఇంగ్లీషు విషయం ఒప్పుకుంటాను. కానీ జీసీఈ వచ్చాక ఇంగ్లీషు పట్టు ఇంకా బిగిసిందే తప్ప సడలలేదు కదండీ.

నేను చూడమంటున్నది క్లాసు లోపల ఏం మారిందని. పీఈఏకి నమూనా బ్రిటన్‌లోని డబ్ల్యూఈఏ, అంటే వర్కర్స్ ఎడ్యుకేషనల్ అసోసియేషన్. 1908లో రాచ్‌డేల్, లాంగ్‌టన్‌లలో మొదలైన ట్యూటోరియల్ క్లాసు లెక్క ఇది: ఏడాదికి 24 సమావేశాలు, ఒక్కోటి 2 గంటలు, మూడేళ్ళు, క్లాసుకి 32 మంది మించకూడదు. మొదటి గంట పాఠం, రెండో గంట చర్చ. ఆ రెండో గంటలోనే పెద్దవాళ్ళ చదువుంది. నలభై ఏళ్ళ మనిషి తన పంచాయితీ, తన పన్ను రసీదు, తన యూనియన్ గొడవ తెచ్చి పాఠం పక్కన పెడతాడు. ట్యూటర్‌కి తెలియనివి అక్కడే తెలుస్తాయి.

ఇప్పుడు అదే 2 గంటలకి జీసీఈ సిలబస్ పెట్టండి. సిలబస్ రాసేది పరీక్షల బోర్డు, క్లాసు కాదు. ముందుగా చచ్చేది రెండో గంట, ఎందుకంటే పాఠాలు పూర్తి కావాలి. తర్వాత ట్యూటర్ నోట్సు చెప్పి రాయించడం మొదలుపెడతాడు, ఎందుకంటే పుస్తకాలు చాలవు. మూడోది, నమూనా పరీక్షలో తప్పినవాళ్ళు మెల్లగా రావడం మానేస్తారు. ఎవరి కోసం క్లాసు పెట్టామో వాళ్ళే ముందు జారిపోతారు. చివరికి ఊరి శాఖకి మిగిలే పని ఫీజు వసూలు, గది తాళం. విషయం ఎంచుకునే హక్కు పోయాక సంఘం ఎందుకుంటుంది?

ఓరుగల్లు

అన్నా, మీరిద్దరూ లెగాన్ చుట్టే తిరుగుతున్నరు. జర తూర్పుకు పోయి టాంజానియాల దార్ ఎస్ సలామ్ చూడుండ్రి. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడల్ట్ ఎడ్యుకేషన్ మొదట 1960లో ఉగాండాల ఉన్న మకెరెరె కాలేజీకి కొమ్మగ మొదలైంది, తర్వాత దార్ యూనివర్సిటీ కాలేజీల భాగమైంది. వాళ్ళు సాయంత్రం క్లాసులు నడిపిన్రు, ఉత్తరాల చదువు నడిపిన్రు. కానీ అసలు చెప్పుకోవాల్సింది 1973 నాటి ‘మ్టు ని ఆఫ్యా’ రేడియో ఉద్యమం. మనిషంటే ఆరోగ్యమే అని దాని మాట.

అదెట్ల నడిచిందంటే: వారాల తరబడి వరుస పాఠాలు. మలేరియా, కొంకిపురుగు, జిగట విరేచనాలు, బిల్హార్జియా (నీళ్ళ నుంచి సోకే పురుగుల జబ్బు), క్షయ. ఊర్ల చిన్న గుంపు ఒక రేడియో చుట్టూ కూసుంటది. ప్రసారం వింటది, చిన్న పుస్తకంలోని ఆ పాఠం ఒకరు పైకి చదువుతరు, బొమ్మలు చూస్తరు, మాట్లాడుకుంటరు. ఇగ చివర్ల అసలు ముచ్చట: ఈ వారం మనం ఏం చేద్దాం? దోమలు పెరిగే గుంట పూడ్చుడా, మరుగుదొడ్డి గుంత తవ్వుడా? తీర్మానం చేసి లేస్తరు. సుమారు 75 వేలమంది గుంపు నాయకులకు శిక్షణ ఇచ్చిన్రు. దార్ నుంచి వచ్చిన బృందం జిల్లా వాళ్ళకు నేర్పిస్తది, జిల్లా వాళ్ళు కింది వాళ్ళకు. దాదాపు 20 లక్షలమంది పాల్గొన్నరు. దేశమంతట మరుగుదొడ్లు లేచినయ్. పరీక్ష లేదు, కానీ ఫలితం నేల మీద కనబడ్డది. ఇదీ విశ్వవిద్యాలయం పనే కదా?

ఇబ్బందులు లేవనను. ఈ పద్ధతిల మూడు చోట్ల తెగుతది. మెట్టు మెట్టుకూ శిక్షణ పలచబడి ఆఖరి నాయకునికి ‘చర్చ నడుపుడు’ అంటే పుస్తకం చదివి వినిపిచ్చుడే అయితది. రేడియోకు బ్యాటరీలు అయిపోతే ఆ వారం పోయినట్టే. పుస్తకాలు ప్రసారం కంటే ముందు ఊరికి చేరకపోతే గుంపు సగమైతది. అందుకే ముద్రణ, రవాణా నెలల ముందే అయిపోవాలె.

లెక్కలపంతులు

ఓరుగల్లు గారూ, వివరాలు బాగున్నాయి. కానీ మీ ఉదాహరణ మీ మీదకే తిరుగుతుంది. 1975లో పార్లమెంటు చట్టం చేసి ఆ ఇన్‌స్టిట్యూట్‌ని విశ్వవిద్యాలయం నుంచి విడదీశారు. ఎందుకు? 20 లక్షలమందిని కదిలించడానికి కావలసింది రేడియో, పార్టీ, ఆరోగ్యశాఖ, జిల్లా యంత్రాంగం. అది ప్రభుత్వం పని. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యతా పాఠం చదివి ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. అక్కడ ఏ విశ్వవిద్యాలయం ఉంది?

విశ్వవిద్యాలయం మాత్రమే చేయగలిగిన పని తలుపు తెరవడం. టాంజానియాలోనే 1974 ముసోమా తీర్మానం చూడండి. హైస్కూలు నుంచి నేరుగా విశ్వవిద్యాలయానికి రాకూడదు, ముందు పని చేసి రావాలి, పని చేసేచోట మనిషి ఎలాంటివాడో సిఫారసు కావాలి అన్నారు. ఒక్క దెబ్బకి పగటి తరగతిగదిలో పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు. సాయంత్రం క్లాసు, బయటి విభాగం, ఏదీ అక్కర్లేదు.

కృష్ణాతీరం

పంతులు గారూ, ముసోమా కథ సగం చెప్పి ఆపారు. ఆ నిబంధనతో అమ్మాయిల సంఖ్య పడిపోయింది. స్కూలు అయ్యాక మధ్యలో కొన్నేళ్ళు ఆగితే పెళ్ళి, పిల్లలు, ఇక చదువుకి తిరిగి వచ్చేదెక్కడ? కొద్ది కాలానికే ఆడవాళ్ళకి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. వయోజనులకి తలుపు తెరిచామంటే ఏ వయోజనులకో కూడా అడగాలండీ.

డిగ్రీ దారికి కూడా దాని ఖర్చుంది. మకెరెరె 1991లో ఎక్స్‌టర్నల్ డిగ్రీ మొదలుపెట్టింది, బీకాం, బీఎడ్‌లతో. అచ్చుపాఠాలు ఇంటికి, మధ్యమధ్య క్యాంపస్‌లో కొద్దిరోజుల ముఖాముఖి తరగతులు. వినడానికి సులువు. ఇలాంటి కార్యక్రమంలో మొదట చెడేది అసైన్‌మెంటు తిరుగుప్రయాణం. విద్యార్థి రాసింది దిద్ది వెనక్కి రావడానికి పరీక్ష దాటిపోతే ఆ మార్కు అంకెగా మాత్రమే పనికొస్తుంది, నేర్పదు. దిద్దేది పగలు మామూలు విద్యార్థులకి పాఠం చెప్పే లెక్చరరే. ఆయన బల్ల మీద ఈ కట్ట ఎప్పుడూ అడుగునే ఉంటుంది. రెండోది, పాఠం సకాలంలో రాయించలేక పగటి క్లాసు నోట్సునే అచ్చువేసి ‘మాడ్యూల్’ అని పంపడం. పక్కన అడిగేందుకు మనిషి లేనివాడికి రాసే పాఠంలో పేజీ పేజీకీ ప్రశ్న, వెనక జవాబు, చేసి చూపిన లెక్క ఉండాలి.

సాయంత్రంబడి

కృష్ణాతీరం గారు సరైన చోట వేలు పెట్టారు. దీనికే నేను ఇంకో మాట కలుపుతాను: రెసిడెంట్ ట్యూటర్. లెగాన్ పద్ధతికి వెన్నెముక ఈ ఉద్యోగం. విశ్వవిద్యాలయం జీతం తీసుకుంటూ క్యాంపస్‌లో కాకుండా ఆ ప్రాంతంలోనే కాపురం ఉండే మనిషి. వోల్టా ప్రాంతంలో త్సిటో ఊరివాళ్ళు శ్రమదానంతో తమ అవుడోమే రెసిడెన్షియల్ కాలేజీ కట్టుకున్నారంటే, వెనక పీఈఏ శాఖ, దాన్ని అంటిపెట్టుకున్న ట్యూటర్లు ఉన్నారు. క్యాంపస్‌లో కూర్చుని సర్క్యులర్ పంపితే ఇటుక లేవదు.

ఈ మనిషికి ఏం కావాలి? బండి, పెట్రోలు, ఊళ్ళలో పాఠం చెప్పే పార్ట్‌టైమ్ వాళ్ళకి నెలనెలా ఇవ్వడానికి చేతి డబ్బు. బడ్జెట్ కోత వచ్చినప్పుడు మొదట పోయేవి సరిగ్గా ఇవే, ఎందుకంటే జీతం ఆపలేరు, పెట్రోలు ఆపొచ్చు. జీతం ఉండి పెట్రోలు లేని ట్యూటర్ పట్నంలో ఫీజు క్లాసు పెట్టుకోక ఏం చేస్తాడు? పరీక్ష క్లాసులు పెరిగింది జనం అడిగినందుకే కాదు పంతులు గారూ, వాటికి ఫీజు వస్తుంది కాబట్టి కూడా.

ఓరుగల్లు

ప్రమోషన్ సంగతి మరిచిన్రు అన్నా. పేపర్లు అచ్చేస్తేనే ప్రొఫెసర్ అయితరు. ఊర్ల నలభై క్లాసులు నడిపిన్నంటే ఆ కాలమ్‌ల రాసుకునేటందుకు జాగనే లేదు. తెలివైనోడు రెండేండ్లు ఉండి క్యాంపస్‌కు బదిలీ పెట్టుకుంటడు.

లెక్కలపంతులు

డబ్బు మాట ఒప్పుకుంటాను, దారి తప్పడం మాట ఒప్పుకోను. లెగాన్‌లో 1948 చివర మొదలైన న్యూ ఇయర్ స్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. సెలవుల్లో హాస్టళ్ళు ఖాళీ అవుతాయి కాబట్టి బసకి చోటు దొరుకుతుంది, ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు వచ్చి దేశం సమస్య ఒకటి తీసుకుని చర్చిస్తారు. పరీక్ష లేదు. పక్కనే డిగ్రీ క్లాసులూ నడుస్తున్నాయి. ఒకటి రెండోదాన్ని మింగలేదు కదా.

కృష్ణాతీరం

న్యూ ఇయర్ స్కూల్ బతికింది ఖాళీ హాస్టలు మీద, ఏడాదికి ఒక్కసారి. ప్రతి వారం నడవాల్సిన ఊరి క్లాసుకి అది జవాబు కాదు. నా ప్రశ్న ఒక్కటే: సాయంత్రం డిగ్రీ ఫీజులో ఎంత వాటా బయటి క్లాసుల పెట్రోలుకి అని నిబంధనలోనే రాసిపెట్టిన విశ్వవిద్యాలయం ఆఫ్రికాలో ఎక్కడైనా ఉంటే చెప్పండి. ఉంటే పంతులు గారి వైపు వచ్చేస్తాను.