మాడ్లు పరీక్షించడానికి వేరే క్లీన్ సెటప్ కావాలా, చాదస్తమా?

చాటువిలుకాడు:
స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ ఆటలో నాకు 112 మాడ్లున్నాయి (ఆటను మార్చడానికి అభిమానులు చేసే చేర్పులు), వాటిని నడపడానికి మాడ్ ఆర్గనైజర్ ప్రోగ్రామ్ వాడుతున్నాను. సేవ్ 90 గంటలు దాటింది. కత్తియుద్ధాన్ని మార్చే మాడ్ ఒకటి వేద్దామని చూస్తే, దాని పేజీలో "ముందు క్లీన్ సెటప్‌లో వేసి చూడండి, ఆ తర్వాతే బగ్ గురించి రాయండి" అని ఎర్రక్షరాలతో పెట్టారు. అంటే మాడ్లు లేని ఆటను ఇంకోసారి కాపీ చేసుకోవాలా? నాది 512 జీబీ ల్యాప్‌టాప్. ఖాళీ ఉన్నది 70 జీబీ, ఆఫీసు పని కూడా దాని మీదే. మీరంతా నిజంగా రెండేసి సెటప్‌లు పెట్టుకుంటారా, ఊరికే అలా రాస్తారా?

నకారపొల్లు:
పెట్టుకుంటాం. ఊరికే రాయం.

ఆట ఫోల్డర్ పదిహేను జీబీకి అటూ ఇటూ ఉంటుంది. ఏ మాడ్ తగలకముందే దాన్ని స్టీమ్ (ఆటను అమ్మి, అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్) ఫోల్డర్ బయటికి కాపీ చేసి "స్టాక్ గేమ్" అని పేరు పెట్టుకోండి. మాడ్ ఆర్గనైజర్‌లో కొత్త ఇన్‌స్టెన్స్ (విడి ఏర్పాటు) చేసి దానికి ఈ ఫోల్డర్ చూపించండి. కొత్త మాడ్ ఏదైనా ముందు అందులోకే. మెయిన్ మెనూలో కన్సోల్ (ఆదేశాలు టైప్ చేసే చోటు) తెరిచి "సీఓసీ క్యూఏస్మోక్" కొడితే డెవలపర్లు వాడుకున్న టెస్టింగ్ హాల్లో పడతారు. ఆటలోని సామానంతా అక్కడ పెట్టెల్లో ఉంటుంది. కత్తి తీయండి, నలుగురిని కొట్టి చూడండి, పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఎందుకింత అంటారా? ఈ ఆట సేవ్ ఫైల్లో స్క్రిప్టుల సమాచారం కూడా చేరిపోతుంది. మాడ్ తీసేసినా దాని తాలూకు ముక్కలు సేవ్‌లో మిగిలే ఉంటాయి. 2019 సంక్రాంతి సెలవుల్లో నేనూ "ఒక్కసారి వేసి చూసి తీసేద్దాం" అనుకున్నాను. 140 గంటల సేవ్ అది. తీసేశాక రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు ఆటలో వైట్‌రన్ ఊరి తలుపు తీస్తే లోడింగ్ తెర మీదే ఆగిపోయింది. వెనక్కి వెళ్దామంటే పాత సేవ్ లేదు, అన్నీ క్విక్ సేవ్‌తో తొక్కేసుకున్నాను. అప్పటి నుంచి నా మెయిన్ సెటప్‌లోకి ఏ మాడ్‌నూ నేరుగా రానివ్వను.

మూడొందలమాడ్లు:
తమ్ముడూ, కాపీ కొట్టే ముందు కాస్త ఆగు. వాళ్లు చెప్పే "వేరే" సెటప్ వేరే కాదు.

సేవ్‌లు, ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైళ్లు ఆట ఫోల్డర్‌లో ఉండవు. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ కింద ఉంటాయి. ఏ ప్లగిన్ (మాడ్ ఫైల్) ఆన్‌లో ఉందో రాసుకునే ఫైల్ యాప్‌డేటాలో ఉంటుంది. ఆటను నాలుగు చోట్ల పెట్టుకున్నా ఈ రెండు ఫోల్డర్లూ ఒక్కటే. నేను చేసి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. క్లీన్ కాపీ త్వరగా లోడ్ అవ్వాలని నీడలు, రిజల్యూషన్ తగ్గించాను. అసలు ఆట తెరిస్తే అక్కడా బొమ్మంతా ముద్దముద్దగా ఉంది. పోనీ, అది మళ్లీ పెంచుకోవచ్చు. ఆటోసేవ్‌లు మూడే ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి తిరగరాసుకుంటాయి. క్లీన్ కాపీలో అదే పాత్రతో నాలుగు తలుపులు దాటేసరికి నా అసలు ఆట ఆటోసేవ్‌లు మూడూ పోయాయి. సేవ్‌ను కాపాడాల్సిన సెటప్పే దాన్ని మింగేసింది.

బావమరిది_పీసీ:
70 జీబీలో రెండు స్కైరిమ్‌లా? మా బావమరిది పీసీలో ఒక్క స్కైరిమ్‌కే ఫ్యాన్ పొలం మోటారులా మోగుతుంది.

నకారపొల్లు:
మాడ్ ఆర్గనైజర్ ప్రొఫైల్ (ఏయే మాడ్లు ఆన్‌లో ఉండాలో రాసుకునే జాబితా) కిటికీలో రెండు టిక్కులుంటాయి. ఒకటి సేవ్‌లు విడిగా ఉంచడానికి, రెండోది ఐఎన్ఐలు విడిగా ఉంచడానికి. మీరు అవి పెట్టలేదు. పద్ధతిని ఎందుకు అంటారు?

మూడొందలమాడ్లు:
టిక్కులతోనే విడిపోయేటట్టయితే ఇక కాపీ దేనికి? మాడ్ ఆర్గనైజర్ డేటా ఫోల్డర్‌లో ఏమీ పడేయదు. ఆట నడిచేటప్పుడు మాత్రం మాడ్లు అక్కడే ఉన్నట్టు దానికి చూపిస్తుంది. ఖాళీ ప్రొఫైల్ ఒకటి చేసుకుంటే అదే క్లీన్. ఖర్చు సున్నా జీబీ. మీ కాపీని మీరే కొట్టేశారు చూడండి.

నకారపొల్లు:
డేటా ఫోల్డర్ సంగతి సరే, దాని పైఫోల్డర్ సంగతేంటి? చాలా మాడ్లకు ఆధారమైన ఎస్‌కేఎస్‌ఈ లోడర్, ఆట బొమ్మను మార్చే ఈఎన్‌బీ వాళ్ల డీ3డీ11 డీఎల్ఎల్ వెళ్లి కూర్చునేది ఆట ఈఎక్స్ఈ పక్కనే. అక్కడ మాడ్ ఆర్గనైజర్ మాయ మామూలుగా పని చేయదు. మీ ఖాళీ ప్రొఫైల్‌లోనూ ఈఎన్‌బీ నడుస్తూనే ఉంటుంది. దాన్ని క్లీన్ అంటారా?

పచ్చిపులుసు:
స్టీమ్‌లో వెరిఫై కొడితే అన్నీ శుభ్రం అయిపోవా?

నకారపొల్లు:
అవవు. మారిపోయిన ఫైల్‌ను అది తిరిగి తెస్తుంది. కొత్తగా వచ్చి పడున్న ఫైల్ జోలికి పోదు. వెరిఫై కొట్టాక కూడా ఆ డీఎల్ఎల్ అక్కడే నవ్వుతూ ఉంటుంది.

పచ్చిపులుసు:
అమ్మో. మూడేళ్లుగా అదే చేస్తున్నా.

మూడొందలమాడ్లు:
ముందు క్లీన్ అంటే ఏంటో ఒక మాట మీద నిలబడండి. ఈఎన్‌బీ ఉంటే క్లీన్ కాదు. మరి ఎస్‌కేఎస్‌ఈ ఉంటే? ఆటలోని తప్పులు సరిచేసే అన్‌అఫీషియల్ ప్యాచ్ ఉంటే? ఈ రోజుల్లో ఎస్‌కేఎస్‌ఈ లేకుండా నడిచే పోరాటాల మాడ్ ఒకటి చూపించండి. అది పెడితే అడ్రస్ లైబ్రరీ పెట్టాలి, దాని వెనకాల ఇంకో నాలుగు. పది మాడ్లున్న దాన్ని మీరు క్లీన్ అంటున్నారు, మూడొందలున్న దాన్ని చెత్త అంటున్నారు. గీత ఎక్కడ గీశారు? ఇంకోటి, మెయిన్ మెనూ నుంచి సీఓసీ కొట్టి దూకితే ఆట మొదట్లో రావాల్సిన బండి ప్రయాణం, హెల్గెన్, ఏదీ సరిగ్గా మొదలవదు. అలాంటి చోట నలుగురిని కొట్టి ఏం తేలుస్తారు?

నకారపొల్లు:
కత్తి తగిలిందో లేదో తేలుస్తాం. దానికి హెల్గెన్ అక్కర్లేదు.

అర్ధరాత్రి_ఆవకాయ:
మీ ఇద్దరూ డిస్కు గురించి కొట్టుకుంటున్నారు గానీ, నేను కాపీ పెట్టుకునేది అప్‌డేట్ల భయంతో. 2021 నవంబర్ 11న యానివర్సరీ ఎడిషన్‌తో పాటు 1.6 వెర్షన్ వచ్చినప్పుడు ఎస్‌కేఎస్‌ఈ మీద నడిచే మాడ్లు కుప్పకూలాయి. 1.5.97 దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫాలౌట్ 4లో అయితే మరీ ఘోరం. 2024 ఏప్రిల్ 23న రావాల్సిన ఫాలౌట్ లండన్, అంటే ఊరంత మాడ్, అదే వారంలో 25న ఆటకు అప్‌డేట్ వస్తోందని ఆగిపోయింది. చివరికి జూలై 25న వచ్చింది. అన్నేళ్లు పని చేసినవాళ్లకే తప్పలేదు. నా స్టాక్ గేమ్ ఫోల్డర్ స్టీమ్ చేతికి అందదు, అంతే. పరీక్షలూ గిరీక్షలూ నేను చేయను.

బావమరిది_పీసీ:
"పరీక్షలూ గిరీక్షలూ". మా ఇంజినీరింగ్ రోజులు గుర్తొచ్చాయి.

నకారపొల్లు:
ఆవకాయ గారూ, అది ఇంకో కారణం, ఒప్పుకుంటాను. కానీ పరీక్ష ముఖ్యం. మూడొందల మాడ్లు వేసుకుని, ఏది దేన్ని తొక్కుతోందో చూసుకోకుండా, మాడ్ చేసినవాడి పేజీకొచ్చి "పని చేయట్లేదు" అని రెండు ముక్కలు పడేసి పోయేవాళ్ల కోసమే ఆ ఎర్రక్షరాలు. మాడ్ ఒక్కటీ తయారు చేయనివాళ్లకు ఆ బాధ అర్థం కాదు.

మూడొందలమాడ్లు:
అదీ సంగతి. ఇప్పుడు బయటికొచ్చింది.

తెలియనివాళ్లకు చెబుతున్నా. స్కైరిమ్ మెనూలను తెలుగులోకి మార్చే మాడ్ ఉంది కదా, అది ఈ నకారపొల్లు గారిదే. మంచి మాడ్, నేనూ వాడుతున్నాను. పోయిన ఏడాది జూన్‌లో దాని పేజీలో ఒక బగ్ రాశాను. రెండు ముక్కలు కాదు. నాలుగు స్క్రీన్‌షాట్లు, మొత్తం లోడ్ ఆర్డర్ (మాడ్ల వరుస). మెనూలు మార్చే స్కైయూఐ అనే మాడ్ సెట్టింగుల పేజీలో ప్రతి వరుసా తెలుగుకు బదులు డాలర్ గుర్తుతో మొదలయ్యే కోడ్‌లా కనిపిస్తోందని. తమరి జవాబు మూడు పదాలు: "క్లీన్ సెటప్‌లో చూడండి." ఆదివారమంతా కూర్చుని చూశాను. అక్కడ కనిపించలేదు. నిజాయితీగా అదే రాశాను. "అయితే తప్పు నా మాడ్‌ది కాదు" అని రిపోర్టు మూసేశారు. మూడు వారాల తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. మార్పుల్లో ఒక లైను: "ఎన్‌కోడింగ్ సరిచేశాను."

క్లీన్ సెటప్‌లో ఎందుకు కనిపించలేదో తర్వాత వెలిగింది. క్లీన్ అంటే ఏ మాడ్ లేకుండా కదా? స్కైయూఐ కూడా లేదు. స్కైయూఐ లేకపోతే ఆ పేజీయే లేదు. లేని పేజీలో బగ్ ఎలా కనిపిస్తుంది సార్?

పచ్చిపులుసు:
😶

నకారపొల్లు:
చెబుతాను, వినండి.

ఈ ఆటకు తెలుగు అనే భాషే లేదు. ఇంగ్లీషు ఫైల్ తీసి దాని స్థానంలో తెలుగు పెట్టాలి. మామూలు తెలుగు ఫాంట్ పెడితే ఒత్తులు కింద చేరకుండా పక్కకొచ్చి పడ్డాయి. "వస్త్రాలు" అన్న మాట చూస్తే నాకే ఏడుపొచ్చింది. చివరికి పాత అను ఫాంట్లలో డీటీపీవాళ్లు తంటాలు పడ్డట్టు, ఒక్కో గుణింతాన్నీ ఒత్తునూ విడి బొమ్మగా చేసి కూర్చాను. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదకొండు తర్వాత చేసే పని ఇది. ఇంత చేశాక వేరే ఇంటర్‌ఫేస్ మాడ్ ఏదైనా తన ఫాంట్‌కాన్ఫిగ్ (ఏ ఫాంట్ వాడాలో చెప్పే) ఫైల్‌ను నా దాని మీద వేస్తే, అక్షరాలన్నీ డబ్బాలు. రోజూ ఇదే. "డబ్బాలు వస్తున్నాయి", "డబ్బాలు వస్తున్నాయి". ఒకాయన అయితే మా అమ్మను కలిపి తిట్టాడు. అప్పుడు పెట్టాను క్లీన్ సెటప్ నియమం. పెట్టిన వారంలో రిపోర్టులు సగానికి తగ్గాయి.

మీ రిపోర్టు వచ్చింది ఆ వారంలోనే. డాలర్ గుర్తు అని చదవలేదు, డబ్బాలు అనే చదువుకున్నాను. ఆ తెలుగు మాటల ఫైల్ యూటీఎఫ్-16 ఎన్‌కోడింగ్‌లో ఉండాలి, నేను నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేశాను. తప్పు నాదే. మీ పేరు పెట్టకపోవడమూ తప్పే, ఈ రాత్రికి ఆ లైను మారుస్తాను. కానీ ఇంకోసారి అయితే రిపోర్టు మూసేవాణ్ని కాదు అని మాత్రం చెప్పను.

మూడొందలమాడ్లు:
పేరు సరే, పెట్టండి. అమ్మను తిట్టినవాడి రిపోర్టు మూయండి, నాకేం అభ్యంతరం లేదు. "క్లీన్‌లో కనిపించలేదు" అంటే "బగ్ లేదు" అని మూసేయకండి. మీ క్లీన్ సెటప్‌లో ఏమేం ఉండాలో పేజీలో రాయండి. స్కైయూఐతో అని ఒక్క మాట ఉంటే ఆ ఆదివారం నాకు మిగిలేది.

నకారపొల్లు:
రాస్తాను. అయినా మూడొందల మాడ్లు ఎక్కువే.

మూడొందలమాడ్లు:
ఇప్పుడు 340.

చాటువిలుకాడు:
అన్నలూ, నా 70 జీబీ సంగతి?

అర్ధరాత్రి_ఆవకాయ:
ఒక్క కాపీ చాలు. స్టాక్ గేమ్ బయట పెట్టుకో, అందులో ఈఎన్‌బీ వేయకు. దాని మీదే రెండు ప్రొఫైళ్లు, రెండింటికీ ఆ రెండు టిక్కులూ. పరీక్ష ప్రొఫైల్‌లో ఎస్‌కేఎస్‌ఈకి కావలసినవి, ప్యాచ్, ఇంకా నువ్వు చూడబోయే మాడ్, అది అడిగేవి. ఆట అసలు మొదటి నుంచి మొదలుపెట్టి హెల్గెన్ దాటాక ఒక సేవ్ దాచుకో, ప్రతిసారీ దాని నుంచే చూడు. పదిహేను జీబీతో అయిపోతుంది. స్టీమ్‌లో ఉన్న దాన్ని తీసేయాలనిపిస్తే తీసేయ్, నేనైతే ఉంచుతా.

చాటువిలుకాడు:
అలాగే చేశాను. రెండు రోజులు పట్టింది, సగం సమయం ఆ టిక్కులు ఎక్కడున్నాయో వెతకడానికే. కత్తి మాడ్ బాగానే ఉంది. పనిలో పని అని నిన్న వచ్చిన తెలుగు మెనూ కొత్త వెర్షన్ కూడా వేశాను. సామాను తెర తెరిస్తే "వస్త్రాలు" మధ్యలో ఒక డబ్బా కనిపిస్తోంది.

నకారపొల్లు:
ఏ ప్రొఫైల్‌లో?

చాటువిలుకాడు:
క్లీన్‌లో. మీ మాడ్ తప్ప ఇంకే ఇంటర్‌ఫేస్ మాడ్ లేదు, స్కైయూఐ కూడా వేయలేదు.

మూడొందలమాడ్లు:
నా 340లో బాగానే ఉందే.