నల్లమల అంచున ఒక ప్రజా కళాశాల నిలుస్తుందా?

ప్రశ్న: దోర్నాల పంతులు

సభ్యులందరికీ నమస్కారం. నేను పెద్ద దోర్నాల మండలంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. పదో తరగతి దాకా పిల్లలను ఎలాగో బడిలో నిలబెట్టుకుంటున్నాము గాని, ఇంటర్ గట్టెక్కాక వాళ్లు ఏమవుతున్నారన్నదే నన్ను కలచివేస్తున్నది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి కిందటేడు పట్నంలో డిగ్రీలో చేరింది. చీకటితో లేచి, రోడ్డు దాకా నడిచి, దొరికిన బస్సెక్కి వెళ్లిన పిల్ల తిరిగి ఇల్లు చేరేసరికి మళ్లీ చీకటి పడేది. ఇరవై ఆరు రోజులు వెళ్లి మానేసింది. మొన్న వాళ్లింటికి వెళితే రేకు పెట్టెలోంచి సర్టిఫికెట్ల కవరు తీసి నాకు చూపించింది. మార్కుల జాబితాకూ కుల ధ్రువీకరణ పత్రానికీ మధ్య ఆ బస్సు పాసు మడత నలగకుండా ఉంది.

అమెరికాలో ఉంటున్న మా తమ్ముడి కూతురు, అక్కడి కొండ ప్రాంతాలలో ప్రభుత్వమే నడిపే కమ్యూనిటీ కళాశాలలు ఉంటాయని చెప్పింది. అవి ఎలా నడుస్తాయి? దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వంటి మండలాల కోసం మన దగ్గర అటువంటిది పెడితే నిలుస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: కనిగిరి ఆడపడుచు

మాస్టారూ, నమస్కారం. మా వారి ఆసుపత్రి ఉద్యోగం వల్ల వర్జీనియా రాష్ట్రపు నైరుతి మూల, బొగ్గు గనుల కొండలలో ఎనిమిదేళ్లు ఉన్నాము. అక్కడి బిగ్ స్టోన్ గ్యాప్ అనే చిన్న ఊళ్లో మౌంటెన్ ఎంపైర్ కమ్యూనిటీ కళాశాల ఉంది. 1972లో మొదలైంది. లీ, స్కాట్, వైజ్, డికెన్సన్ అనే నాలుగు కౌంటీలూ (మన జిల్లాల వంటివి) నార్టన్ పట్టణమూ దాని బాధ్యత. ఈ ‘బాధ్యత’ అన్న మాటను మీరు గమనించాలి. ఆ రాష్ట్రంలో ఇటువంటి ప్రభుత్వ కళాశాలలు 23 ఉన్నాయి, ఒక్కొక్క దానికి ఫలానా ప్రాంతం నీది అని గీత గీసి అప్పగించారు. కాబట్టి ఆ కొండల్లోని పిల్ల చదువు మానేస్తే అది ఎవరికీ పట్టని విషయం కాదు, ఆ కళాశాల జవాబు చెప్పుకోవలసిన విషయం.

ప్రవేశానికి ర్యాంకులు అడగరు. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. నర్సింగ్, వెల్డింగ్ వంటి పని చదువులూ అక్కడే ఉంటాయి. హైస్కూలు పిల్లలు బడిలో ఉండగానే కళాశాల పాఠాలు కొన్ని పూర్తి చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ముందుగా కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం, కావలసిన మార్కులతో రెండేళ్లు పూర్తిచేసినవారిని విశ్వవిద్యాలయాలు చేర్చుకుని, మిగిలిన చదువు అక్కడ సాగనిస్తాయి. చదివినది వృథా పోదు.

నేను సాయంత్రం పూట అక్కడ లెక్కల పద్దుల తరగతికి వెళ్లేదాన్ని. నా పక్కన కూర్చునే ఆమెకు యాభై దాటాయి. గని మూతపడి భర్త పని పోయాక చదువు మొదలుపెట్టింది. తప్పు రాసిన అంకెను కొట్టివేయకుండా రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, కాగితం మీద పొట్టు ఊదేసి మళ్లీ రాసేది. ఆమెను ఎవరూ వింతగా చూడలేదు, ఎందుకంటే ఆ తరగతిలో సగంమంది అటువంటివారే. ఏటా అక్టోబరులో అదే ఆవరణలో కొండవాళ్ల చేతిపనులకూ పాటలకూ పండుగ జరుపుతారు. బొంతలు కుట్టే ముసలమ్మలు ఆ రోజు కళాశాలకు అతిథులు.

జవాబు: నెల్లూరు అధ్యాపకుడు

అమ్మ చెప్పినది చదివాక మన వైపు సంగతి చెప్పక తప్పదు. ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1995లో పుదుచ్చేరిలోనూ, 1996లో మద్రాసులోనూ కమ్యూనిటీ కళాశాలలు మొదలయ్యాయి; పన్నెండో పంచవర్ష ప్రణాళిక (2012–17) కాలంలో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, ఇందుకు ఒక పథకమే పెట్టింది. అయితే అందులో చాలావరకు, ఉన్న కళాశాలకే ఒక నైపుణ్య కోర్సును తగిలించడం జరిగింది. నేను పనిచేసిన ఒకచోట నిధులు ఆగిన మరుసటేడే కోర్సు ఆగిపోయింది. అప్పటికే డిప్లొమా చేతపట్టుకున్న పిల్లలకు, దానితో డిగ్రీ రెండో ఏడాదిలో చేరే దారి ఎవరూ చూపలేదు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

2020 జాతీయ విద్యా విధానం ఒక ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ అని చెప్పింది, క్రెడిట్లు, అంటే పూర్తిచేసిన చదువుకు లెక్కగా ఇచ్చే పాయింట్లు, దాచుకునే ఏర్పాటూ చెప్పింది. అందుచేత మీరు వినతిపత్రం రాసేటట్లయితే భవనం అడగకముందే, ఇక్కడ రెండేళ్లు చదివినవారిని ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయ పరిధి కళాశాలలు నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకోవాలని రాతపూర్వకమైన ఒప్పందం అడగండి. అది లేని కళాశాల మెట్లు సగంలో ఆగిన మిద్దె వంటిది.

కోర్సుల విషయానికి వస్తే, మార్కాపురం పలకల రాయి ఉంది. మా జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలున్నాయి; ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అటువంటి పనివారినే బోధకులుగా కూర్చోబెట్టే నిబంధన ఉండాలి.

జవాబు: వై.పాలెం (యర్రగొండపాలెం) వాసి

పెద్దలందరూ చదువు గురించి చెప్పారు, నేను అడవి గురించి చెబుతాను. పాలుట్ల, చింతల వంటి చెంచు గూడేలు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉన్నాయి. అక్కడ కొత్త కట్టడం అంత తేలికగా లేవదు, రాకపోకలకూ ఆంక్షలుంటాయి. కాబట్టి కళాశాల అడవి అంచునే పెట్టి, దానితోపాటు ఆడపిల్లల వసతి గృహం తప్పక పెట్టాలి. వసతి లేకుండా ఎన్ని కోర్సులు పెట్టినా మాస్టారు చెప్పిన బస్సు పాసు కథే మళ్లీ జరుగుతుంది.

ఇంకొక మాట. మా చెంచువాళ్లు తేనె, ఉసిరి, కుంకుడు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. తేనె తీసే రోజుల్లో ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటే పిల్ల ఒక్కతే తరగతిలో కూర్చోదు. సెలవులు దసరాకూ సంక్రాంతికీ ఇచ్చినట్లే ఈ సేకరణ కాలానికీ ఇవ్వాలి. దీని గురించి గూడెం పెద్దలను అడిగాక గాని కాలపట్టిక వేయకూడదు.

దోర్నాల పంతులు

అందరికీ కృతజ్ఞతలు. పరిధి, ఒప్పందం, వసతి, సెలవులు ఈ నాలుగింటితో వినతిపత్రం చిత్తుప్రతి రాయడం మొదలుపెట్టాను. వై.పాలెం సోదరా, వచ్చే ఆదివారం గూడెం పెద్దల దగ్గరకు నాతో రాగలరా? ఆ అమ్మాయిని, వాళ్ల నాన్నను కూడా వెంటబెట్టుకొస్తాను. ఏ గంటకు తరగతి మొదలుపెడితే రాగలదో ఆమె నోటితోనే విని రాసుకుందాము.