అప్‌డేట్: నాన్న గురకకి మెషిన్ వచ్చింది

నాన్న గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారని పోయిన నెల అడిగాను కదా. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లోనే నిద్ర పరీక్ష చేయించాం. ఏహెచ్‌ఐ 38. అంటే గంటకి సగటున 38 సార్లు ఊపిరి పూర్తిగానో, కొంతో ఆగుతోందన్నమాట. ఈ జబ్బుని స్లీప్ ఆప్నియా అంటారు, 30 దాటితే తీవ్రమైనదే. పళ్ళకి పెట్టుకునే పరికరం చాలదా అంటే, అది తక్కువ, మధ్యస్థ స్థాయి వాళ్ళకే ఎక్కువ పనికొస్తుందని చెప్పి డాక్టర్ సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్) రాశారు.

మొదటి మూడు రాత్రులూ "ఏనుగు తొండంలా ఉందిరా, తీసెయ్" అని మాస్కు పీకేశారు. ముక్కు వరకే ఉండే చిన్న మాస్కు మార్చి, తేమ కోసం డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోశాక దారికొచ్చారు. పొద్దుటి తలనొప్పి పోయింది, పేపరు ముందు కునికిపాట్లూ తగ్గాయి. బీపీ మాత్రలు మాత్రం మానలేదు.

ఇప్పుడు అమ్మకే నిద్ర పట్టట్లేదు, ఇంత నిశ్శబ్దం అలవాటు లేక!