109లో రడ్డర్ ట్రిమ్ పనిచేయడం లేదు, జాయ్‌స్టిక్ పోయిందా?

నాగావళి_109:
శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే యుద్ధవిమానాల కంప్యూటర్ ఆట మొదలుపెట్టి మూడు వారాలైంది. నా దగ్గరున్నది లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో జాయ్‌స్టిక్. అందులోని జర్మన్ యుద్ధవిమానం బీఎఫ్ 109 ఎక్కితే చాలు, ముక్కు ఎడమకు లాగుతూనే ఉంటుంది. స్టిక్ వదిలితే రెక్క వాలిపోతుంది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది), అయిలరాన్ (రెక్కలు వాల్చేది), రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పేది) మూడింటికీ ట్రిమ్ బటన్లు, అంటే స్టిక్ పట్టుకోకుండానే విమానం నిలకడగా ఉండేలా సరిచేసేవి, పెట్టాను. ఒక్కటీ పలకడం లేదు. నిన్న రాత్రి రెండింటి దాకా డ్రైవర్లు తీసి మళ్ళీ వేస్తూ కూర్చున్నాను. పావుగంట ఎగిరేసరికి మణికట్టు లాగేస్తోంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

పలాస_రెక్క:
తమ్ముడూ, నీ జాయ్‌స్టిక్ నిక్షేపంలా ఉంది. డ్రైవర్ల జోలికి పోకు. 109లో పైలట్ గాల్లో ఉండగా మార్చుకునే రడ్డర్ ట్రిమ్, అయిలరాన్ ట్రిమ్ అసలు లేవు. వాటి అంచున చిన్న రేకులుంటాయి, నేల మీద ఉన్నప్పుడే మెకానిక్ వాటిని వంచి సరిచేసేవాడు. పైలట్ చేతికి అందేది సీటుకు ఎడమ పక్కనున్న చక్రం ఒక్కటే. అది తిప్పితే తోక దగ్గరి అడ్డరెక్క కోణమే మారుతుంది. ఆటలో దాన్ని స్టెబిలైజర్ అంటారు, కీ సెట్టింగుల్లో దాని వరుస వేరు. నువ్వు ఎలివేటర్ ట్రిమ్ వరుసలో పెట్టి ఉంటావు, అందుకే కదల్లేదు. ఎఫ్‌డబ్ల్యూ 190 అనే ఇంకో జర్మన్ విమానం కూడా ఇంతే, కాకపోతే అందులో చక్రం బదులు కరెంటు స్విచ్.

ముక్కు ఎడమకు లాగడం తప్పు కాదు. కాక్‌పిట్‌లోంచి చూస్తే ఆ ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. పవర్ ఎక్కువ, వేగం తక్కువ ఉన్నప్పుడు ఎడమకు గట్టిగా లాగుతుంది. వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది, డైవ్‌లో అటూ ఇటూ మారిపోతుంది కూడా. కాక్‌పిట్ డయళ్ళలో గాజు గొట్టంలో ఉండే బంతి చూడు. అది ఎటు జరిగితే అటు రడ్డర్ ఇవ్వు. నీకు పెడల్స్ లేవు కాబట్టి స్టిక్‌ని అటు మెలితిప్పు.

బొబ్బిలి_మస్టాంగ్:
అన్న చెప్పింది నిజం. ట్రిమ్ అంటే ఏమిటో చేతికి తెలియాలంటే మాత్రం 109 కన్నా అమెరికన్ విమానం పీ-51 మేలు, మూడు వైపులా ట్రిమ్ ఉంటుంది. డీసీఎస్ అనే ఇంకో విమానాల ఆటలో దాని శిక్షణ రకం టీఎఫ్-51డీ ఉచితం, తుపాకులు ఉండవు కానీ నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. టేకాఫ్‌కి ముందు రడ్డర్ ట్రిమ్ కుడికి 5 డిగ్రీలు పెట్టుకుంటే సగం బరువు అక్కడే తీరిపోతుంది. కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే తెర మీద చిన్న పెట్టె వస్తుంది. స్టిక్, రడ్డర్ ఎక్కడున్నాయో అందులో కనబడతాయి.

నేను ఆరు నెలలు తప్పుగా చేసింది ఇది. ముక్కు దిగుతోందని ట్రిమ్ బటన్ నొక్కి పట్టుకుని, ముక్కు లేచేదాకా చూసేవాడిని. లేచాక ఆగదు కదా, మళ్ళీ కిందికి నొక్కేవాడిని. విమానం అలలా ఊగేది. ముందు స్టిక్‌తో ముక్కును కావలసిన చోట నిలబెట్టాలి. అక్కడే పట్టుకుని ట్రిమ్‌ని టక్, టక్ అని కొంచెం కొంచెం నొక్కుతూ, ఆ మేరకు చెయ్యి సడలిస్తూ రావాలి. నిజం విమానంలో ట్రిమ్ చేస్తే స్టిక్ నిలిచే చోటే మారుతుంది. మన స్ప్రింగు స్టిక్ ఎప్పుడూ నడిమికే వస్తుంది, అందుకే చెయ్యి సడలించే పని మనమే నేర్చుకోవాలి. ఇది వచ్చిన రోజు నాకు నిజంగా ఎగిరినట్టు అనిపించింది.

నాగావళి_109:
అన్నా, ఇంత ఓపికగా చెప్పినందుకు థాంక్స్. మరి బటన్లు ఎక్కడ పెట్టుకోవాలి? స్టిక్ పైనుండే హ్యాట్ (బొటనవేలితో అన్ని వైపులా నొక్కే గుబ్బ) చుట్టూ చూడటానికే సరిపోతోంది.

బొబ్బిలి_మస్టాంగ్:
నీదీ నాదీ ఒకే స్టిక్. పక్కన బొటనవేలి కింద ఉండే 2వ బటన్‌ని డీసీఎస్ కంట్రోల్స్‌లో మాడిఫయర్‌గా పెట్టాను. అది పట్టుకుంటే హ్యాట్ ట్రిమ్ అవుతుంది, వదిలితే చూపు. రడ్డర్ ట్రిమ్ కింద పీట మీది 7, 8 బటన్లకు ఇచ్చాను, ఎడమ చెయ్యి సులువుగా అందుతుంది. పీట మీద మాత్రం ఎలివేటర్ ట్రిమ్ పెట్టకు. డాగ్‌ఫైట్‌లో కళ్ళు దించి బటన్ వెతికేలోగా వెనకవాడు వచ్చేస్తాడు.

దీపస్తంభం:
కళింగపట్నం దగ్గర ఉంటాం. ఒక మాట చేర్చాలి. ట్రిమ్ ఎంత సరిచేసినా ముక్కు వణుకుతుంటే సెన్సర్ చూసుకోండి. ఎక్స్‌ట్రీమ్‌లో మెలితిప్పే చోట ఉండేది పొటెన్షియోమీటర్ (రేడియో వాల్యూమ్ నాబ్‌లో ఉండే లాంటి భాగం), అరుగుతుంది. మా సముద్రపు గాలికి ఇంకా త్వరగా పాడైంది. విండోస్‌లో జాయ్.సీపీఎల్ అని టైప్ చేసి చూస్తే చెయ్యి పెట్టకుండానే రడ్డర్ గీత దడదడలాడుతోంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరాక డెడ్‌జోన్ (నడిమి దగ్గర చిన్న కదలికల్ని పట్టించుకోని మేర) 4 పెట్టాను, తగ్గింది. తరువాత థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం కొన్నాను. దాని స్టిక్ ముందుకూ వెనక్కూ, పక్కలకూ వాలే చోట హాల్ సెన్సర్, అయస్కాంతంతో పనిచేస్తుంది, అక్కడ రాపిడి లేదు.

కోటగుమ్మం:
విజయనగరం. నేను 109 కోసం చక్రమే చేసుకున్నాను. ఆర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్, పైన ఊరగాయ జాడీ ప్లాస్టిక్ మూత. ఆ బోర్డును కంప్యూటర్ నేరుగా జాయ్‌స్టిక్‌గా గుర్తిస్తుంది, ఆర్డుయినోలోనే ఊనో అనే బోర్డు అయితే అలా కాదు. మొదట షాపులో ఇచ్చిన పొటెన్షియోమీటర్ పెడితే సగం తిప్పేదాకా ఏమీ కదలక, తరువాత ఒక్కసారిగా దూకేది. చూస్తే వెనక ఏ10కే అని ఉంది, అది రేడియో వాల్యూమ్‌కి వాడే రకం. బీ10కే తెచ్చి వేశాక నున్నగా నడిచింది. సున్నా దగ్గర ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టాను, ఎగిరే ముందు అది పైకి ఉందో లేదో చూసుకుంటాను. చూసుకోకపోతే గత ఫ్లైట్‌లో వదిలిన ట్రిమ్‌తోనే రన్‌వే మీద మొదలవుతాం.

పలాస_రెక్క:
చక్రం బాగుంది బాబూ. డైవ్‌లో ఒక్క జాగ్రత్త. 109కి వేగం పెరిగితే స్టిక్ బిగుసుకుపోతుంది, స్టెబిలైజర్‌తో ముక్కు లేపబోతాం. గబుక్కున తిప్పితే రెక్కలు ఊడతాయి. నాకు ఊడాయి. అర అంగుళం చొప్పున తిప్పు.

నాగావళి_109:
స్టెబిలైజర్‌ని హ్యాట్‌కి మార్చాను. నిన్న మొత్తం నలభై నిమిషాలు ఎగిరాను, మణికట్టు నొప్పి లేదు. పైకి వెళ్ళేటప్పుడు బంతి చూస్తూ కుడికి మెలితిప్పడం కొంచెం అలవాటైంది. ఇంకో సందేహం: బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్ 14 తీసుకుంటే కుడికి లాగుతోంది. నేనే ఏదైనా తిరగేశానా?

కోటగుమ్మం:
లేదు. దానిది గ్రిఫన్ ఇంజన్, ప్రొపెల్లర్ పాత స్పిట్‌ఫైర్ల మెర్లిన్ ఇంజన్‌కి ఎదురు తిరుగుతుంది. అందులో రడ్డర్ ట్రిమ్ ఉంది, టేకాఫ్‌కి ముందే ఎడమకు వేసుకో.