వివక్షా, విచక్షణా? (నాలుగు ఊర్ల నుంచి నలుగురి మాటలు)

హనుమకొండ: కారకాలు (క్రియతో పదాల సంబంధాలు) చెప్పేవాడి ఇచ్ఛను బట్టే అన్న సంస్కృత వ్యాకరణ పంక్తి ఒకటి సగం దాకనే గుర్తొస్తున్నది: "వివక్షాతః కారకాణి..." ఆ తర్వాత "భవన్తి"యేనా? ఎందుకంటే, ఉద్యోగ ఎంపిక పరీక్షల్లో జాతి వివక్ష మీద ఒక అనువాదంలో "అంశ వివక్ష సూచిక" అని పడ్డది. ఇంగ్లీషులో రెండింటికీ "డిస్క్రిమినేషన్" ఒక్కటే మాట. అక్కడ "వ" (వివక్ష) ఉండాలా, "చ" (విచక్షణ) ఉండాలా?

కరీంనగర్: "భవన్తి"యే సార్. సూచికకు మాత్రం "చ". బీఎడ్‌లో విచక్షణా శక్తి అంటం. అది బాగా రాసేవాళ్లను, రాయనివాళ్లను వేరుచేసే ప్రశ్న గుణం. వందమంది రాస్తే మార్కుల వరుసలో పై 27, కింది 27 మందిని తీయాలి. పైన 22, కింద 9 మంది సరిగ్గా రాస్తే తేడా 13. 27తో భాగిస్తే 0.48. మంచి ప్రశ్న. సున్నా కన్నా దిగితే ముందు జవాబుల "కీ" తప్పేమో చూడాలి. "వ" పెడితే మంచి ప్రశ్నకే నింద వస్తది.

జనగామ: వివక్ష అంటే చెప్పాలన్న ఇచ్ఛ. "కత్తితో కోసిండు" అన్నా, "కత్తి కోసింది" అన్నా చెప్పేవాడి ఉద్దేశమే. 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ ఉద్దేశాన్నే పక్కకు పెట్టింది: పనితో సంబంధం లేని పరీక్ష నల్లజాతివాళ్లను ఎక్కువగా ఆపుతుంటే, చెడు తలంపు లేదన్న జవాబు చాలదన్నది. దానికి వివక్ష అనే పేరెట్ల కుదురుతది? పక్షపాతం అనండి.

వరంగల్: అదీ కుదరదు మేడం. ఉద్యోగ ఎంపికల మీద అమెరికా 1978 మార్గదర్శకాల ప్రకారం ఒక వర్గంలో నూటికి 60, ఇంకో వర్గంలో 40 మంది ఎంపికైతే 40/60, అంటే 67 శాతం. ఐదింట నాలుగు వంతులకు తక్కువ కాబట్టి ప్రతికూల ప్రభావం ఉన్నట్టు. పరీక్ష తప్పుగా కొలిచిందా, అంటే పక్షపాతం ఉన్నదా అన్నది వేరే లెక్క. పరీక్షల మీద పరిశోధన చేసిన క్లియరీ 1968 పద్ధతిలో, మార్కులను బట్టి అందరికీ ఒకే రేఖ గీసి పనితీరు అంచనా కడితే ఒక వర్గానికి ఆ అంచనా ఎప్పుడూ అసలుకన్నా ఎక్కువో తక్కువో వస్తున్నదా చూస్తరు. ఒక్కో ప్రశ్ననైతే మొత్తం మార్కులు సమానమున్నవాళ్ల మధ్యనే పోల్చాలి. "పుంటికూర రుచి ఏది?" అంటే మన పిల్లలు టక్కున రాస్తరు; గోంగూర అనే దిక్కు, అన్నే మార్కులొచ్చే పిల్లలు ఆగుతరు. ఆ ప్రశ్న ఊరును కొలిచింది.

కరీంనగర్: జనగామ మేడం, సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠంలో, విచక్షణకు మూలమైన "చక్షిఙ్" కూడా "వ్యక్తాయాం వాచి"యే, అంటే స్పష్టంగా పలుకుడే. రెండింటికీ మూలం పలుకే.

జనగామ: దానికి దర్శనార్థమూ ఉంది, విచక్షణలో అదే పనిచేస్తది. పలుకంటే మన బమ్మెర పోతన. "పలికించు విభుండు" అని నోటికి వస్తది గాని, "పలికించెడివాడు" అనీ పాఠం ఉంది. ఇచ్ఛ ఎవరిదో అక్కడ తేలాలి.

హనుమకొండ: కందంలో రెండూ కుదురుతయి. "చువిభుం", "చెడివా" రెండూ సగణాలే. నాకు విభుండే ఇష్టం.

కరీంనగర్: మొదటి పాదంల "పలికెడిది" ఉంది కదా సార్, దానికి జోడు "చెడివాడు"నే.

వరంగల్: సూచికకు "చ" సరే. అనువాదం శీర్షికలో "జాతి వివక్ష" ఉంచుడేనా?