‘మా పదకొండు రోజులు మాకిచ్చెయ్యండి’: 1752 నాటి నినాదమేనా?

ప్రశ్న: ఒక చరిత్ర వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1752లో క్యాలెండర్ మార్చి పదకొండు తేదీలు ఎగరగొట్టినందుకు ఇంగ్లండ్ జనం ‘గివ్ అస్ అవర్ ఎలెవెన్ డేస్’ అంటూ అల్లర్లకు దిగారని ఉంది. ‘మా పదకొండు రోజులు మాకు ఇవ్వండి’ అంటే చప్పగా ఉంది. ఇంకెలా అనొచ్చు?

జవాబు: ‘మాకిచ్చెయ్యండి’ అనండి. లాక్కున్నది తిరిగిమ్మనే గద్దింపు అందులోనే వచ్చేస్తుంది.

ఇక అల్లర్ల మాట. అవి జరిగాయనడానికి ఆనాటి ఆధారమేదీ లేదు. ఈ మాట మనకు బాగా తెలిసింది ఆంగ్ల చిత్రకారుడు హోగార్త్ 1755లో వేసిన ఎన్నికల విందు బొమ్మ వల్ల. సత్రంలో విగ్ పార్టీ వాళ్ల విందు. తల పగిలి ముందువైపు కూర్చున్న మనిషి కాలి కింద, ప్రత్యర్థి పార్టీ టోరీల దగ్గర లాక్కొచ్చిన జెండా. దాని మీద ఉందీ నినాదం. 1754లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో పోటీ చేసిన విగ్ అభ్యర్థుల్లో ఒకరు మాకిల్స్‌ఫీల్డ్ ప్రభువు కొడుకు. ఆ ప్రభువు ఖగోళ శాస్త్రవేత్త, చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుతో కలిసి క్యాలెండర్ చట్టాన్ని గట్టెక్కించినవాడు. తండ్రి చేసిన పని కొడుకు మెడకు చుట్టుకుంది! వెక్కిరింపు బొమ్మను తర్వాతివాళ్లు వార్తగా చదివేశారు.

మరొకరు: రోజులు మాయమైతే అద్దెలు, వడ్డీలు ఏమయ్యాయండీ? జనం ఊరుకున్నారా?

జవాబు: సెప్టెంబరు 2 బుధవారం. మర్నాడు గురువారమే, తేదీ మాత్రం 14. మన పంచాంగంలో తిథి క్షయమైనా వారం తప్పదు కదా, అలాగే. అద్దెలు, అప్పుల గడువులు పాత లెక్కన ఎన్ని రోజులకు రావాలో అన్ని రోజులకే రావాలని చట్టంలోనే రాశారు. మైనరుకు ఇరవయ్యొకటో ఏడు నిండడమూ అంతే. డబ్బు నష్టం లేకుండా చూసుకున్నారు. కాకపోతే పండగ ఏ రోజున చేసుకోవాలన్న గొణుగుడు కొన్నిచోట్ల నిజంగానే ఉంది.

మరొకరు: పది కదా తేడా?

జవాబు: 1582లో రోమ్‌లోని పోప్ మాట విని పాత జూలియన్ లెక్క వదిలి కొత్త గ్రెగోరియన్ లెక్కకు మారిన దేశాలకు పది. ఇంగ్లండ్ ఆగింది. పాత లెక్కన 1700 లీపు సంవత్సరం, కొత్త లెక్కన కాదు. అలా ఇంకో రోజు పెరిగింది.

అనువాదంలో అసలు ఇబ్బంది వేరే ఉంది. అంతకుముందు ఇంగ్లండ్‌లో చట్టప్రకారం కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. స్కాట్లండ్ 1600లోనే జనవరి 1కి మారింది. ఈ చట్టం వల్ల ఇంగ్లండ్‌లో 1751 డిసెంబరు 31తోనే ముగిసిపోయి 282 రోజులే మిగిలింది. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల నరికింది జనవరి 30న. మనం 1649 అంటాం, ఆనాటి కాగితాల్లో 1648 ఉంటుంది. అందుకే అలాంటి తేదీల పక్కన ‘పాత లెక్క’ అని ఒక్క ముక్క చేర్చండి. ‘అల్లర్లు’ అన్న మాట ఉంచేట్టయితే ‘అని చెప్పుకుంటారు’ అనైనా తగిలించండి.